గేటు దాకా వచ్చిన మనిషి

నా చిన్ననాటి స్నేహితుడు పోయిన నలభై రెండో రోజున ఢిల్లీ నుంచి ఆయన పేరు మీద మా ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో మూడు వాక్యాలు, కింద అవే హిందీలో. మీ దరఖాస్తు అందింది. సంబంధిత విభాగం పరిశీలనలో ఉంది. నిర్ణయం తెలిపేవరకు ఈ విషయమై మళ్లీ రాయవద్దు. మళ్లీ రాసే మనిషి లేడని వాళ్లకు తెలియదు. తెలిసినా ఇదే ఉత్తరం వచ్చేదని నా అనుమానం.

ఆ దరఖాస్తులో ఆయన అడిగింది పెద్ద విషయమేమీ కాదు. పాతికేళ్ల కింద ఒకరోజు తాను ఎక్కడి దాకా వచ్చి, ఎందుకు తిరిగి వెళ్లాడో తన చెల్లెలికి చెప్పుకోవడానికి అనుమతి అడిగాడు. అప్పటికే ఆస్పత్రికీ ఇంటికీ తిరుగుతున్నాడు కాబట్టి జవాబు పంపాల్సిన చిరునామా నాది ఇచ్చాడు.

ఆయన ఢిల్లీలో పెద్ద ఆఫీసరు. దేశం దగ్గర ఉన్న అణ్వాయుధాల మీద ఎవరి అజమాయిషీ ఉండాలి, ఆజ్ఞ ఎవరివ్వాలి, ఎవరి సంతకం లేకపోతే కదలకూడదు అన్న కాగితాలు తయారుచేసే చోట ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు. ఈ రెండు ముక్కలు కూడా నాకు ఆయన చెప్పలేదు. రిటైరైనప్పుడు పేపర్లో వస్తే చదివాను.

నేను మందమర్రి గనుల్లో సర్వే ఆఫీసులో ముప్పై ఆరేళ్లు పనిచేశాను. భూమి లోపల ఎంత తవ్వారో పైన కాగితం మీద గీయడం నా పని. గీసిన రోజే తారీఖు వేయాలి. తప్పు పడితే చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం చేయాలి. డైరీకి కూడా అదే పద్ధతి అలవాటైంది. రోజూ సాయంత్రం ఆరింటికి రాస్తాను. రోజు దాటిన తర్వాత ఆ పేజీ ముట్టను. పెరట్లో బెండ పూసిన సంగతి, పక్కింటాయన దగ్గిన సంగతి కూడా అందులో ఉంటాయి. అలాంటి డైరీలు యాభై రెండు ఉన్నాయి. వాటిలో పాతికేళ్ల పాటు ఆయన పేరు ఒక్కసారి కూడా లేదు. రాయవద్దన్నాడు, రాయలేదు. నా జీవితంలో నేను చేసిన బుద్ధితక్కువ పని ఏదంటే ఇదే చెబుతాను.

మేమిద్దరం ఒకే లైను క్వార్టర్లలో పెరిగాం. వాళ్ల బాపు గనిలో షాట్‌ఫైరర్. బొగ్గుకు రంధ్రాలు వేసి మందు కూరి పేల్చే పని. పేల్చే బ్యాటరీకి విడిగా ఒక పిడి ఉంటుంది. అది బిగించి తిప్పితేనే మందు అంటుకుంటుంది. షిఫ్టు మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఆ పిడి షాట్‌ఫైరర్ ఒంటి మీదే ఉండాలి, ఇంకొకరి చేతికి పోకూడదు. వాళ్ల బాపు దాన్ని మొలతాడుకు కట్టుకునేవాడు. పేలకుండా మిగిలిపోయిన మందు ఏదైనా ఉంటే పుస్తకంలో రాయాలి. తర్వాతి షిఫ్టు మనిషి అది చదివి కింద సంతకం పెట్టేదాకా కదలకూడదు. ఒకసారి తర్వాతి షిఫ్టు ఆయన చదవకుండానే సంతకం పెట్టి ‘ఇగ పోవయా ఇంటికి’ అన్నాడట. ఈయన ఆ పుస్తకం మళ్లీ అతని ముందు పెట్టి మూడుసార్లు చదివించి, గంట ఆలస్యంగా ఇల్లు చేరాడు.

“అన్నం సల్లారిపాయె. గా పుస్తకంతోనే సంసారం జెయ్యి,” అన్నది వాళ్ల అమ్మ. ఆమెను అందరం అవ్వ అనేవాళ్లం.

“మూడుసార్లు సదవాలె, ఒక్కసారి సంతకం పెట్టాలె,” అన్నాడు వాళ్ల బాపు, చల్లారిన అన్నంలోనే పప్పు పోసుకుంటూ.

కొడుక్కి ఆస్తిగా వచ్చింది ఇదే. ఏ కాగితమైనా మూడుసార్లు చదివేవాడు. నా బిడ్డ పెళ్లి కార్డు ఇస్తే గుమ్మంలో నిలబడి మూడుసార్లు చదివి, “శుక్రవారమని అచ్చేసిన్రు. గా తారీఖు శనివారం రా,” అన్నాడు. అప్పటికి సగం కార్డులు పంచాను. ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో ఆ రోజు డైరీలో ఉంది, ఎవరి మీదో లేదు.

ఇంకా కొన్ని గుర్తున్నాయి. ఎవరైనా గదిలోకి వస్తే చేతిలోని కాగితం బోర్లా పెట్టేవాడు, అది కరెంటు బిల్లయినా సరే. పనికిరాని చీటీని చించితే ముక్కలన్నీ ఒకచోట పడేసేవాడు కాదు. సగం ఒక జేబులో, సగం ఇంకో జేబులో. తలుపుకు ఎదురుగానే కూర్చునేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏదో అడ్డం వచ్చినట్టు ఆగి, పైన ఫ్యాను వైపు చూసేవాడు. ఇక ఆ మాట పూర్తి కాదని మాకు అర్థమయ్యేది. కంపెనీ బడిలో లెక్కల సారు చేత ‘వాగుడుకాయ’ అనిపించుకున్నవాడు ఫ్యాన్లు చూసే మనిషయ్యాడు. నాకు అది నచ్చలేదు. నచ్చలేదని చెబితే కూడా ఫ్యాను చూశాడు.

సెలవులో వచ్చినప్పుడు మార్కెట్ దగ్గర టీ కొట్టులో కూర్చునేవాళ్లం. ఊళ్లోవాళ్లకు ఎట్లాగో వాసన తగిలింది.

“ఏం సారూ, బాంబు ఏడిదాక వచ్చింది?” అని అడిగేవాడు కొట్టాయన.

“చాయ్ దాక వచ్చింది. జర శక్కర తక్కువెయ్యి,” అనేవాడు.

ఒక్కసారి మాత్రం ఢిల్లీలో ఆయన ఆఫీసుకు వెళ్లాను. గేటు దగ్గర నా పెన్నూ డైరీ తీసుకుని చీటీ ఇచ్చారు. తలుపు మీద ఆయన పేరు ఉంది, పేరు కింద ఏ హోదా లేదు. బల్ల మీద నీళ్ల గ్లాసు తప్ప ఏమీ లేదు.

“డైరీ గుంజుకున్నరా?” అని అడిగాడు.

“గుంజుకున్నరు.”

అప్పుడు నవ్వాడు. ఆ భవనంలో ఎన్నేళ్లకు నవ్వాడో. “మూడు గంటలు నువ్వు డైరీ లేకుంట ఉండుడు నేను సూడాలె,” అన్నాడు.

చేతిలో డైరీ లేదు కదా అనే ధైర్యమేమో, ఆ రోజు కొంచెం మాట్లాడాడు. “మా బాపు చేసిన పనే రా నాది. బాపు దినాం పేల్చిండు. నేను పేలకుంట సూస్తున్న, గంతే తేడా. పిడి ఒక్కని మొలకు ఉండొద్దు. గింత పెద్ద దానికి ఒక్కడు సరిపోడు. వాడు ఎంత మంచోడైనా, ఎంత పెద్దోడైనా, ఇంకొకడు సదివి సంతకం పెట్టకుంటే కదలొద్దు. ఇన్నేండ్ల సంది నేను రాసేది గీ ఒక్క ముచ్చటే. నేను రాస్త. ఒకాయన కొట్టేస్తడు. మళ్లా రాస్త.”

“ఎవలన్న ఇంటున్నరా?”

ఫ్యాను చూశాడు.

ఇక ఆ రోజు సంగతి.

అవ్వ పోయింది. అంతకు ఐదారేళ్ల ముందే బాపు పోయాడు. ఇంట్లో చెల్లె ఒక్కతే. ఆమె భర్త అప్పుడు దుబాయిలో ఉన్నాడు. గని ఆఫీసు ఫోన్ నుంచి ఢిల్లీకి కబురు చేశాను. మరుసటి రోజు మధ్యాహ్నానికి మంచిర్యాల చేరతానన్నాడు. శవాన్ని మంచు మీద ఉంచారు. అన్న వచ్చి తలకొరివి పెట్టాలని చెల్లె ఎవరినీ కదలనివ్వలేదు. నేను స్కూటర్ మీద మంచిర్యాల స్టేషనుకు పోయాను.

రైలు దిగాడు. చేతిలో ఒక సంచి. ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేశామో లేదో, స్టేషన్ మాస్టర్ గది నుంచి మనిషి వచ్చి పేరు పెట్టి పిలిచాడు. లోపల ఫోన్ ఉంది. ఐదు నిమిషాల తర్వాత బయటికి వచ్చాడు.

“ఒక్క గంటల కారు వస్తది. నేను మళ్లా పోవాలె,” అన్నాడు.

“అవ్వ మంచు మీద ఉన్నది రా.”

“ఎరుకే.”

“అరగంట పోను, అరగంట రాను. ముఖం సూసి మళ్లు. ఎక్కు,” అన్నాను. ఎక్కాడు.

సగం దారి దాటి, మందమర్రి ఇంకా రెండు మూడు కిలోమీటర్లుందనగా రైల్వే గేటు పడింది. బొగ్గు బండి వచ్చింది, వచ్చి గేటు మీదే ఆగింది. ముందు ఎంత ఉందో వెనక అంత ఉంది. పది నిమిషాలు చూశాం. సైకిళ్లవాళ్లు వ్యాగన్ల కింద నుంచి దూరి అవతలికి పోతున్నారు.

“స్కూటర్ ఈడనే పెడుదాం. దూరి పోదాం. అవుతల ఆటో దొరుకుతది,” అన్నాను.

“ఆగిన బండి కింద దూరితే బాపు తన్నేటోడు,” అన్నాడు.

“బాపు లేడు. అవ్వ గూడ లేదు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఢిల్లీల ఏమైతది?”

“నాకు తెల్వది. తెల్వదు గనుకనే ఆగలేను.”

ఇరవై నిమిషాలైంది. గడియారం చూసుకున్నాడు. బూట్లు విప్పాడు. మందమర్రి దిక్కు తిరిగి, బొగ్గు వ్యాగన్లకు ఎదురుగా, రోడ్డు మీద సాష్టాంగపడ్డాడు. లేచి, సంచిలోంచి చీర తీశాడు. ఆకుపచ్చ రంగు, సన్నటి తెల్ల గీతలు, మన దిక్కు దొరికే రకం కాదు. ఎప్పుడో అవ్వ కోసం కొని పెట్టిందట.

“ఇది కప్పు. నేను తెచ్చిన్నని అనకు. ఈడిదాక వచ్చిన్నని ఎవ్వలకు చెప్పకు. వచ్చినోడు ఎందుకు మళ్లిండని అడుగుతరు. డైరీల రాయకు. ఒట్టు.”

ఒట్టు వేశాను. మంచిర్యాలలో దింపాను. మళ్లీ వచ్చేటప్పుడు కూడా గేటు పడే ఉంది.

ఆ వారం ఢిల్లీలో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏమీ జరగకుండా ఆపడమే ఆ పని అయితే, జరగలేదు కాబట్టి పని అయినట్టే. మందమర్రిలో మాత్రం జరిగింది. సాయంత్రందాకా చూసి, చెల్లె తానే అగ్గికుండ పట్టుకుని ముందు నడిచింది. కొడుకుండి బిడ్డ తలకొరివి పెట్టిందని బస్తీ అంతా చెప్పుకున్నారు. నేను చీర కప్పాను. “సొంత కొడుకు రాలే. పరాయి కొడుకు చీర తెచ్చిండు,” అని ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ చీర నేను తెచ్చింది కాదని చెప్పలేదు. అప్పటి నుంచి ప్రతి బతుకమ్మకూ మా ఇంటికి సత్తుపిండి పంపుతుంది. పాతికేళ్లుగా తింటున్నాను.

ఆయన పదకొండో రోజుకు వచ్చాడు. “ఏడున్నవే అన్నా?” అని ఒక్కటే అడిగింది. “ఆఫీసు పని,” అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు, ఆ తర్వాత మాట్లాడనూ లేదు. ప్రతి ఏడూ వచ్చేవాడు. వాకిట్లో స్టూలు మీద కూర్చునేవాడు. ఆమె టీ చేసేది. గ్లాసు చేతికి ఇచ్చేది కాదు. ప్రహరీ గోడ మీద పెట్టి లోపలికి పోయేది. ఆయన లేచి వెళ్లి తెచ్చుకుని, తాగి, గ్లాసు కడిగి మళ్లీ గోడ మీదే పెట్టేవాడు. ఇరవై నాలుగేళ్లు ఇదే చూశాను.

నేను ఊరుకోలేక ఒకసారి, “వాడు రావాల్ననే అనుకున్నడు చెల్లె,” అన్నాను.

“నీ డైరీల ఉన్నదా?” అన్నది. “బెండకాయ పూస్తె రాస్తవు. మా అన్న వస్తె రాయవా? వంకలు చెప్పకు అన్నా.”

రిటైరైనాక ఆయన కరీంనగర్‌లో ఉన్నాడు. అనుకున్న దానికంటే ఒక మెట్టు కిందే ఆగిపోయాడని తెలిసి ఎందుకని అడిగాను. “ఒక కాగితం మీద వెనుక తారీఖు వెయ్యమన్నరు. వెయ్యలే,” అన్నాడు. అంతే. అంత పెద్ద నౌకరీ గురించి ఆయన నోటి నుంచి నేను విన్న ఫిర్యాదు ఆ రెండు ముక్కలే. భార్య పోయింది, పిల్లలు లేరు. ఒంటరిగా అయ్యాక ఒకరోజు బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు.

“గా దినం డైరీ తియ్యి,” అన్నాడు.

తీశాను. మూడుసార్లు చదివాడు. తన పేరు లేదు. ఎంతసేపో వేలు పెట్టి వెతికాడు.

“నువ్వు నిజంగనే రాయలేదు రా,” అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో నాకు తెలియలేదు.

“ఒట్టు పెట్టిచ్చుకున్నది నువ్వే గదా. పాత పెన్ను ఉన్నది. పక్కన జాగ ఉన్నది. ఇప్పుడే నాలుగు ముక్కలు రాస్త, పొయ్యి చెల్లెకు సూపెడుదాం.”

అన్నందుకు నాకే సిగ్గేసింది. నేను నా పద్ధతిని చంపుకోవడానికి సిద్ధపడ్డాను. ఆయన డైరీ మూసి నా ఒళ్లో పెట్టాడు.

“వెనుక తారీఖు వెయ్యకు. గది వెయ్యకనే గదా నేను గిట్లున్న.”

“మరి నోటితోని చెప్పు.”

“చెప్పొచ్చని ఆఫీసోళ్లు చెప్పాలె.”

“ఎవలు చెప్పాలె?”

“చెప్పెటాయన రిటైరైండు. ఆయన జాగల వచ్చినోళ్లకు గీ ముచ్చటే తెల్వది. అర్జీ పెడుత.”

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పెట్టాడు. మూడు పేజీలు, మూడుసార్లు చదివి. ఏడాదిన్నర ఎదురుచూశాడు. పోస్టు వచ్చే వేళకు నాకు ఫోన్ చేసేవాడు. “వచ్చిందా?” అనేవాడు. “రాలే,” అనేవాణ్ణి. “మంచిది,” అని పెట్టేసేవాడు. ఏం మంచిదో.

పోయాడు. తలకొరివి పెట్టే కొడుకు లేడు కాబట్టి చెల్లెను అడిగారు. “ఒక్కసారి పెట్టిన, సాలు,” అన్నది. వచ్చింది, వీధిలో నిలబడింది, పాడె కదలగానే బస్టాండుకు పోయింది. ఆయన భార్య తమ్ముడు పెట్టాడు.

ఇవన్నీ అయ్యాక వచ్చింది ఈ ఉత్తరం. పరిశీలనలో ఉందట. మళ్లీ రాయవద్దట.

రెండు రోజులు ఆలోచించాను. నేను వేసిన ఒట్టు చెప్పననీ రాయననీ. చూపించనని కాదు. ఆ ఏటి డైరీ చేతిసంచిలో పెట్టుకుని చెల్లె ఇంటికి నడిచాను. మధ్యాహ్నం. ఆమె చింతపండు గింజలు తీస్తున్నది. పేజీ తీసి ముందు పెట్టాను.

ఆమె ఏడో తరగతి దాకా చదివింది. అద్దాలు పెట్టుకుని పైకే చదివింది: “పొద్దున సెలవు పెట్టితిని. పన్నెండింటికి మంచిర్యాల. ఒంటి గంటకు గేటు పడ్డది. గూడ్సు ఆగినది. తిరిగి మంచిర్యాల. మళ్లీ గేటు. మూడున్నరకు అవ్వ ఇంటికి. చీర కప్పితిని.”

ఆగింది. మళ్లీ చదివింది.

“గేటు దాక వచ్చి మళ్లా మంచిర్యాల ఎందుకు పోయినవన్నా?”

నేను మాట్లాడలేదు.

“ఏం కొన్నా ఏ దుకాణంల కొన్నవో రాస్తవు. గీ చీర ఏ దుకాణంల తీసుకున్నవో రాయలేదేంది?”

ఆమె మూడోసారి చదివింది. అద్దాలు తీసింది.

“గేటు కాడికి వచ్చిండా?” అన్నది.

నా కళ్లు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. వాళ్లింట్లో కూడా ఫ్యాను ఉంది.

ఏడుస్తుందనుకున్నాను. చింతపండు చాటను పక్కకు తోసింది. “ఇద్దరు మొగోళ్లు కలిసి ఒట్లు పెట్టుకున్నరు. నా చేతిల కుండ పెట్టిన్రు. ఒక్క మనిషిని తోలితే నేనే ఉరికి వద్దును గద గేటు కాడికి. బండి అవుతల నుంచైనా సూద్దును. గింత సదువుకున్నరు, ఇద్దరిట్ల ఒక్కనికి గా ఆలోచన రాలే?”

రాలేదు. పాతికేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ గేటు గురించి నేను ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్క లేదు. ఆయన రావడం గురించే ఆలోచించాను, ఆమె రావచ్చని కాదు.

“ఒంటి గంటకు నేను బోరింగు కాడున్న. అవ్వకు తానం పోసెటందుకు నీళ్లు కొడుతున్న,” అన్నది. “గూడ్సు కూత ఇనబడ్డది. ఇంకా కదలదేందని అనుకున్న.”

తర్వాత లేచి టీ పెట్టింది. గ్లాసు నా చేతికి ఇచ్చింది. ఇంకో గ్లాసు పోసి గోడ దాకా తీసుకుపోయి, అక్కడ నిలబడి, పెట్టకుండా తానే తాగింది.

“రాయి,” అన్నది.

“పాత పేజీల రాయను చెల్లె. వాడే వద్దన్నడు.”

“పాత దాంట్ల ఎందుకు? ఇయాల్టి దాంట్ల రాయి. పేరు పెట్టి రాయి.”

ఈనాటి డైరీ కూడా సంచిలోనే ఉంది. ఇంకా ఆరు కాలేదు. అయినా రాశాను. ఆయన ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, స్టేషను, ఫోను, గేటు, చీర. ఇక్కడ ఆ పేరు రాయడం లేదు. అనుమతి ఇంకా పరిశీలనలో ఉంది కదా. డైరీలో మాత్రం ఉంది.

చెల్లె అది తీసుకుని మూడుసార్లు చదివింది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, కింద సంతకం పెట్టింది.